రాజోలు పెళ్లిలో మామ్మ పాట

రాజోలు దగ్గర మా ఎరుకల స్నేహితుడి పెళ్లికి వీడియో మేమే తీశాం. చేతిలో ఉన్నది సెల్‌ఫోనే. పందిట్లో సీరియల్ బల్బుల వెలుగు చారలు చారలుగా పడింది. మన కరెంటు 50 హెర్ట్జ్, షట్టర్ 1/50 పెడితే చారలు తగ్గుతాయని తర్వాత తెలిసింది. అదేం పెద్ద బాధ కాదు. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు అన్నీ వచ్చాయి.

పసుపు రాసేటప్పుడు వాళ్ల మామ్మ మన కుర్రు భాషలో పాడింది. మేమేమో ఫోన్ పట్టుకుని డీజే బాక్సు పక్కనే నిలబడ్డాం. వీడియోలో ఆమె పెదాలు కదులుతాయి, పాట వినపడదు. మేము చదివిన బడిలో ఆ భాష లేదు. ఆ పాట ఆమె నోట్లోనే ఉంది.

మర్నాడు వెళ్లి మళ్లీ పాడమన్నాం.

"పెళ్లికొడుకు ఎదురుగా లేకపోతే ఎలా వస్తుందర్రా?" అని నవ్వింది.

మాఘంలో మనవరాలి పెళ్లి ఉంది. పసుపు వేళ డీజే ఆపమని ఇప్పుడే చెప్పి ఉంచాం.