నేల బడిన తువాలు

ఇంటిలోని గుడ్డలలో నొక్కొక్కదానికి నొక్కొక్క పని కలదు. పొయ్యియొద్ద మసిగుడ్డతో బిడ్డ మొగము తుడువము. ఇల్లు తుడిచిన గుడ్డతో కంచము తుడువము. ఈ విచక్షణ మనకు తల్లులు ప్రత్యేకముగ నేర్పకయే యలవడినది. ఇప్పుడు పెద్దమండ్యము వంటి పల్లెలలోను వాకిటికి కారు వచ్చినది; దానిని తుడుచుటకు మైక్రోఫైబరు తువాళ్లును వచ్చినవి. వీని విషయమున మాత్రము మనము పాత విచక్షణను మఱచుచున్నాము. తువాలు చేజారి నేల బడినచో రెండుమాఱులు దులిపి, మరల కారుమీదనే వేయుచున్నాము. దానివలన గలుగు నష్టమును, నివారణోపాయమును మాకు దెలిసినంత వ్రాయుచున్నాము.

ఈ తువాళ్లు నూలువి కావు. పాలియెస్టరు, పాలియమైడు అను కృత్రిమ పదార్థముల పోగులతో చేసినవి. 9000 మీటర్ల పోగు 1 గ్రాము తూగినచో దానిని 1 డెనియరు అందురు. మైక్రోఫైబరు పోగు అంతకంటెను సన్నము. మదనపల్లె ప్రాంతమున పట్టుగూళ్ల నెఱిగిన సోదరీమణులకు, గూటినుండి తీసిన పోగుకంటె నిది సన్నమని చెప్పిన చాలును. ఆ పోగుల సందులలో నీరు, దుమ్ము చిక్కుకొనును. తుడుచునపు డది గుణము. నేల బడినపు డదియే దోషము. సందున జొచ్చిన యిసుక రేణువు దులిపినంత మాత్రమున రాలదు.

మా సీమ యెఱ్ఱనేల బండరాయి చివికి యేర్పడినది. అందులో పలుగురాతి రేణువులు మెండు. 1812లో మోస్ అను జర్మను పండితుడు ఖనిజముల కాఠిన్యమునకు 1 మొదలు 10 వఱకు కొలత యేర్పఱచెను. అందు పలుగురాయికి 7వ స్థానము. గాజు దానికంటె మెత్తన. కారు రంగు పైనుండు పారదర్శకపు పూత గాజుకంటెను మెత్తన. దాని మందము సామాన్యముగ మిల్లీమీటరులో 20వ వంతు మాత్రమే. ఇసుక పట్టిన తువాలుతో చుట్టి చుట్టి తుడిచినచో ఆ పూతపై సాలెగూటి వంటి గీతలు పడును. నీడలో కనబడవు, ఎండలో స్పష్టముగ గానవచ్చును. మెఱుగుపట్టించి వానిని బోగొట్టవచ్చును గాని, మెఱుగుపట్టించిన ప్రతిమాఱును పూత కొంత యరగును. అరగిన పూత మరల పెరుగదు.

మా మరిది కారు బాడుగకు నడుపును. పెండ్లివారు వచ్చి మొదట కారు నిగనిగను జూతురు. పిమ్మట బాడుగ మాట లాడుదురు. కనుక మా కిది వేడుక కాదు, జీవనము. కారు తుడుచు పని మా తోడికోడలి కుమారునిది. ఒకనాడు ముందుతలుపుమీద గీతలు కనబడగా, వానిని చెంతకు బిలిచి మెల్లగ నడిగితిమి. “తువాలు క్రింద పడినది పెద్దమ్మా. చెప్పినయెడల చిన్నాయన కోపపడునని తక్కిన గుడ్డలలో గలిపివేసితిని” అనెను. ఆ మాట మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది. గీతలు గీచినది ఇసుకయే. కాని ఆ యిసుకను కారుమీదికి దెచ్చినది భయము. పడినదని చెప్పిన చీవాట్లు తప్పవన్న యింట పడిన వస్తువు దాగును. పగిలిన గాజుగ్లాసును దాచిన కొత్తకోడలి సంగతియు నిట్టిదే గదా! నాడే మా మరిదితో మాటలాడి, తువాలు పడినదని చెప్పినవారి నేమియు ననరాదని యింట నియమము చేసితిమి.

ఆ నియమముతోపాటు మే మనుసరించు పద్ధతి యిది. తుడుచువాని ప్రక్క రెండు బొక్కెనలుండును. శుభ్రమైన తువాళ్ల బొక్కెన పీటమీద, పడినవాని బొక్కెన నేలమీద నుంచుదుము. పడిన తువాలును దులుపక, పరీక్షింపక, వెంటనే రెండవ బొక్కెనలో వేయవలెను. కడిగిన బండమీద పడినను పడినదే; కంటి కగపడని రేణువును కన్ను నిర్ణయింపలేదు. తువాలును రెండు మడతలు పెట్టినచో 8 ముఖములు దొరకును. ఒకటి మాసిన మఱియొకటి త్రిప్పుకొనవచ్చును. చక్రములకు వేఱు రంగు తువాలు వాడవలెను. వానిపై బ్రేకులనుండి రాలిన యినుపరజను ఉండును గనుక ఆ తువాలు తలుపుమీదికి రారాదు.

పడినవానిని విడిగా, గోరువెచ్చని నీట, కొంచెము సబ్బుద్రవముతో నుతికి, పలుమాఱులు జాడింపవలెను. నూలుబట్టలతో గలిపిన వాని నూగు వీనికి బట్టును. బట్టలను మెత్తపఱచు ద్రావకము వేసినచో పోగులకు పూత పట్టి నీరు పీల్చవు. బ్లీచింగు పొడి, ఇస్త్రీపెట్టె వీనికి శత్రువులు. ఉతికినప్పుడు విడివడు సన్నని పోగులు ప్లాస్టిక్కు జాతివి, త్వరగా చివుకవు. కనుక బావిగట్టునను, చెరువులోను ఉతుకరాదు. బాటప్రక్క గోడమీద నారవేసినచో బస్సు దుమ్మంతయు మరల బట్టును; ఇంటిలోపలి దండెముమీద నారవేయుట మేలు.

ఆరిన పిమ్మట వేళ్లతో తడిమి చూడవలెను. గరుకు తగిలినచో ఒక మూల కత్తిరించి గుర్తుపెట్టి, చక్రములకో గడపలకో వాడుకొనవచ్చును. సందేహ మున్నను అట్లే చేయుట మంచిది. రంగుపనికగు వ్యయము ముందు ఒక తువాలు వెల యెంత?

సోదరీమణులారా! మీ యింట కారు లేకపోవచ్చును. పిల్లలు, పనివారు, కోడండ్రు ఉందురు. వారి చేతినుండి ఏదో యొకటి జారకమానదు. జారినదని నిర్భయముగ వచ్చి చెప్పగల యిల్లుగ మన యింటిని నిలుపుకొందము.