అయినా బాగానే చేశారే!

ఒకే వారాంతంలో ఇద్దరు నన్ను మెచ్చుకున్నారు. రెండుసార్లూ ఒళ్లు మండింది.

శనివారం మా వీధి చివరింటి పెద్దావిడకు ఎనభయ్యో పుట్టినరోజు. కేకు నేనే చేసుకెళ్లాను. మూడు అరలు. లోపల అరటిపండు, అనాస, పీకన్ పప్పులు. అరల మధ్యా, పైనా, చుట్టూ క్రీమ్ చీజ్ ఫ్రాస్టింగ్. హమ్మింగ్‌బర్డ్ కేకు అంటారు. మేముండే గ్రీన్స్‌బరోలోనే కాదు, నార్త్ కరొలైనాలో ఎక్కడైనా ఈస్టరుకో, పెద్దల పుట్టినరోజుకో బల్ల మీద ఈ కేకు ఉంటే ఆ ఇంటివాళ్ల ముఖాలే వేరుగా ఉంటాయి. పెద్దావిడ చుట్టమొకామె ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, "మీ దేశంలో ఇళ్లలో ఓవెన్లే ఉండవట కదా! అయినా ఎంత బాగా చేశావో!" అంది.

ఆదివారం ఉగాది. తెలుగువాళ్లందరం ఒకచోట చేరాం, తలా ఒక వంటకం తెచ్చుకున్నాం. ఉగాది పచ్చడి గిన్నె దగ్గర గుంటూరు పిన్నిగారొకరు పలకరించారు. ఏ ఊరమ్మా మీది అంటే చెప్పాను. "అయ్యో, కర్ణాటక వాళ్లా! అయినా తెలుగు ఎంత చక్కగా మాట్లాడుతున్నావమ్మా!" ఆ పూట పులిహోర గొంతు దిగలేదు.

తిట్టినా ఇంత బాధ ఉండదు. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఈ మెచ్చుకోలుకు మాత్రం పళ్లికిలించి థ్యాంక్స్ చెప్పాలి.

మా ఊరు పేరేసంద్ర. బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే హైవే మీద, చిక్కబళ్లాపురం దాటాక, బాగేపల్లి రాకముందు, గుడిబండకు దారి చీలే చోటు. మీలో సగం మంది రాత్రి బస్సులో నిద్రపోతూ మా ఊరు దాటేసే ఉంటారు. బళ్లో కన్నడం, బస్సు బోర్డు మీద కన్నడం, ఇంట్లో జోలపాటలూ తిట్లూ తెలుగు. 2007 దాకా కోలారు జిల్లా అన్నారు, తర్వాత చిక్కబళ్లాపురం జిల్లా అన్నారు. జిల్లా మారినా మా అవ్వ తిట్ల భాష మారలేదు. చింతామణి పక్కన కైవారం తాతయ్య తత్వాలు తెలుగులోనూ చెప్పాడు, కన్నడంలోనూ చెప్పాడు. అయినా ఎంత బాగా చెప్పావయ్యా అని ఆయన్నెవరూ అనలేదు. చిక్కబళ్లాపురం పక్కన ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి ఇంటి భాష తెలుగే. ఇవన్నీ పచ్చడి గిన్నె దగ్గర చెప్పలేక ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ సింకుకు చెప్పాను.

ఆ కోపంలోనే, అసలు ఈ కేకు ఎవరిదో తేల్చుకుందామని కూర్చున్నాను.

ఇక్కడివాళ్ల పత్రిక సదరన్ లివింగ్ 1978 ఫిబ్రవరి సంచికలో ఈ కేకు వేసింది. పంపినావిడ మిసెస్ ఎల్.హెచ్. విగ్గిన్స్, గ్రీన్స్‌బరో. అంటే మా ఊరే! ఇక్కడివాళ్ల గర్వం ఎందుకో అప్పుడు తెలిసింది. అదే ఏడాది కెంటకీ రాష్ట్ర సంతలో ఈ కేకుకు బహుమతి కూడా వచ్చింది. కానీ ఆ సంచిక కంటే ముందే, 1960ల చివర్లో, జమైకా దేశం పర్యాటకుల్ని రప్పించుకోవడానికి అమెరికా పత్రికలకు పంపిన కాగితాల్లో డాక్టర్ బర్డ్ కేకు అని ఒకటుంది. డాక్టర్ బర్డ్ అంటే జమైకా జాతీయ పక్షి, హమ్మింగ్‌బర్డ్ జాతిదే. అవే అరటిపళ్లు, అదే అనాస. సముద్రం దాటివచ్చి, ఇక్కడ మూడంతస్తుల మేడ ఎక్కి, ఈ ఊరి ఆడపడుచై కూర్చుంది.

ఇంకా లోపలికి పోతే మరీ సరదా. అరటి ఆగ్నేయాసియాది. అనాస దక్షిణ అమెరికాది. దాల్చినచెక్క శ్రీలంకది, వెనిల్లా మెక్సికోది, గోధుమ పశ్చిమాసియాది. ఫ్రాస్టింగ్‌లోకి వాడే క్రీమ్ చీజ్ డబ్బా మీద ఫిలడెల్ఫియా అని ఊరి పేరుంటుంది. ఆ చీజ్ పుట్టింది 1870లలో న్యూయార్క్ రాష్ట్రంలో. ఫిలడెల్ఫియాకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు, ఆ ఊరి పాలకు మంచి పేరుందని తగిలించుకున్నారు, అంతే. మొత్తం కేకులో ఈ గడ్డ మీద పుట్టిన పంట పీకన్ పప్పొక్కటే. అయినా ఈ కేకును ఎవరూ, జమైకా దానివైనా ఎంత తియ్యగా ఉన్నావో అనరు. నన్ను మాత్రం అంటారు.

మళ్లీ న్యాయంగా మాట్లాడాలంటే ఈ దక్షిణ రాష్ట్రాల ఆడవాళ్లకు కేకు మీదున్న భక్తి చూసి తీరాలి. అరలు పేర్చే కేకుల పిచ్చి వీళ్లకు పాతది. అలబామాలో ఎమ్మా రైలాండర్ లేన్ అనే ఆవిడ ఎండుద్రాక్షలూ బర్బన్ సారాయీ కూరిన అరల కేకును 1898లోనే పుస్తకంలో అచ్చేసుకుంది. దాన్ని ఇప్పటికీ లేన్ కేకు అనే పిలుస్తారు. వంటకం ఎవరిదో వాళ్ల పేరు వంటకంతోపాటే నడుస్తుంది. పెద్దావిడ వంటింట్లో ఒక రేకు డబ్బా ఉంది. దాన్నిండా చేత్తో రాసిన చీటీలు, నూనె మరకలు, ప్రతి చీటీ మూలన ఎవరిచ్చారో వాళ్ల పేరు. మా అవ్వ చేసిన ఓళిగల కొలతలు ఎక్కడా లేవు. అవ్వ పోయింది, కొలత ఆమె చేతిలో పోయింది. ఈ విషయంలో వీళ్లకు దణ్ణం పెడతాను.

అట్లాగని ఓవెన్ మాట వదిలేస్తానా?

మా ఇంట్లో ఓవెన్ లేని మాట నిజం. అమ్మ కేకు కుక్కర్లో చేసేది. గాస్కెట్ పీకేసి, విజిల్ తీసేసి, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇసుకను జల్లెడ పట్టి, కడిగి, ఎండబెట్టి కుక్కర్ అడుగున పోసేది. దానిమీద స్టాండు, స్టాండు మీద నెయ్యి రాసిన అల్యూమినియం గిన్నె. వేడి సరిపోయిందో లేదో మూత మీద అరచెయ్యి పెట్టి చెప్పేది. ఇక్కడ నా ఓవెన్‌కు అంకెలున్నాయి, గంట ఉంది, లోపల దీపముంది. అయినా తలుపు ముందు గొంతుక్కూర్చుని తొంగిచూస్తూనే ఉంటాను. ఓవెన్లు లేవన్నావిడ, పొయ్యి మీద ఇసుకలో ఒక్కసారి కేకు పొంగించి చూపిస్తే, అయినా ఎంత బాగా చేశావమ్మా అని నేనూ అందును.

కేకులు తెలియని దేశమట! తలశ్శేరిలో మాంబళ్లి బాపు ఒక తెల్లదొర తెచ్చిచ్చిన ఇంగ్లండు కేకు రుచి చూసి క్రిస్మస్ కేకు చేసిచ్చింది 1883లో. ఎమ్మా లేన్ పుస్తకానికి పదిహేనేళ్ల ముందు. అది కేరళ, మనదెట్లా అవుతుందంటారా? సరే, మాకు అయ్యంగార్ బేకరీలున్నాయి. హాసన్ వైపు నుంచి బెంగళూరుకు వచ్చినవాళ్లు పెట్టుకున్నవి, కోడిగుడ్డు తగలనివ్వనివి. గాజు పెట్టెలో తేనె కేకు ఉండేది. పాకం పీల్చుకున్న మెత్తటి స్పాంజి, పైన ఎర్ర జామ్, ఆ పైన ఎండు కొబ్బరి పొడి. పక్కనే దిల్‌పసంద్, ఖారా బన్ను. బడి వదిలాక ఆ గాజుకు ముక్కు ఆనించి నిలబడని పిల్ల మా వైపు ఉండదు.

పుట్టినరోజుకు క్రీము కేకు కావాలంటే మాత్రం చిక్కబళ్లాపురం పోవాలి. నాయన అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చేవాడు. ప్రతి హంపు దగ్గరా డ్రైవర్ను బతిమాలేవాడు. పెట్టె తెరిస్తే గులాబీరంగు క్రీము పువ్వు ఒక పక్కకు ఒరిగి ఉండేది. ఆ పువ్వు కోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్లం. వనస్పతితో చేసిన క్రీమది. అంగిలికి అంటుకుని రాత్రి భోజనం దాకా వదిలేది కాదు. బాగుండేదా అంటే, బాగుండేది కాదు. ఆ మాట నేను అనొచ్చు, ఇంకెవరైనా అంటే ఊరుకోను.

ఇక పళ్ల సంగతి. ద్రాక్షతోటల నడుమ పుట్టినదాన్ని, కేకులో నేను తిన్న పండేమిటో తెలుసా? పచ్చి బొప్పాయి. చక్కెర పాకంలో ఉడకేసి ఎరుపూ ఆకుపచ్చా రంగులు కొట్టిన టూటీఫ్రూటీ. పైన పెట్టిన చెర్రీ అసలు చెర్రీ కాదు, రంగేసిన వాక్కాయ. చుట్టూ బండ్ల కొద్దీ ద్రాక్ష, మామిడి, జామ పోతా ఉంటే మా బేకరీవాళ్లకు బొప్పాయి ఎందుకు దొరికిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఇక్కడేమో కేకులో నిజం పండే ఉంటుంది, కాకపోతే డబ్బాలోంచి వస్తుంది. వచ్చిన కొత్తలో నేను నవ్వాను. తాజా అనాస ఉండగా డబ్బాదెందుకని. కారణం ఉంది. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, పాలసరుకుతో కలిస్తే విరిచి చేదు చేస్తుంది. డబ్బాలో పెట్టేముందు కాచేస్తారు గనక ఆ బెడద పోతుంది.

అనాస గురించి చెప్తూ ద్రాక్ష దగ్గరికి పోతున్నాను, ఏమనుకోకండి. మా వైపు పండే బెంగళూరు బ్లూ ద్రాక్షను సూపర్‌మార్కెట్ ద్రాక్షతో పోల్చకండి. మందం తోలు, లోపల గింజలు, జారిపోయే గుజ్జు. తోటలో అడుగు పెట్టకముందే వాసన చెప్పేస్తుంది పండిందని. చిన్నాయన తోటలో పందిరి కింద గంప బోర్లించి కూర్చుని తింటే పెదాలూ జాకెట్టూ నల్లబడేవి. ఇక్కడికొచ్చాక ఒకరోజు పిల్లదానికి రొట్టె మీద గ్రేప్ జెల్లీ పూసి, చెంచా నాకి, వంటింట్లో కదలకుండా నిలబడిపోయాను. అదే వాసన. అచ్చం మా పందిరి. తర్వాత తెలిసింది, జెల్లీలో పడే కాంకర్డ్ ద్రాక్షా మా బెంగళూరు బ్లూ దగ్గరి చుట్టాలని. రెండింటిలోనూ లాబ్రస్కా అనే అమెరికా జాతి కలిసుందట. మా ద్రాక్ష, మా ద్రాక్ష అని ఇన్నేళ్లు గుండెలు బాదుకున్నది సగం వీళ్ల తీగ కోసమన్నమాట. ఆ రోజు నుంచి కింది రెండు అరల మధ్య ఫ్రాస్టింగ్ తగ్గించి సన్నగా ద్రాక్ష జామ్ పూస్తున్నాను. పెద్దావిడ ఒప్పుకోలేదు. హమ్మింగ్‌బర్డ్ కేకులో ద్రాక్ష ఉండదంది. ముక్క మాత్రం రెండోసారి అడిగింది.

చేసే పద్ధతి ఆవిడ నేర్పిందే. మూడు కప్పుల పిండి, రెండు కప్పుల చక్కెర, సోడా, దాల్చినచెక్క పొడి, మూడు గుడ్లు, నూనె, డబ్బా అనాస రసంతో సహా, రెండు కప్పుల అరటిపండు ముక్కలు. పండు తోలు నల్లబడి, చూసినవాళ్లు పారేయమనేంతగా మగ్గాలి. మిక్సర్ ముట్టుకోవద్దు, గరిటెతో తడిసేదాకా కలిపి ఆపెయ్యాలి, ఎక్కువ కలిపితే సాగి గట్టిపడుతుంది. తొమ్మిదంగుళాల పళ్లేలు మూడు, 350 డిగ్రీల ఫారెన్‌హీట్, అరగంటలోపు. వెన్న బదులు నూనె గనక ఫ్రిజ్‌లో పెట్టినా మెత్తగానే ఉంటుంది. ఏలక్కి అరటిపండుతో చేస్తే ఇంకెట్లా ఉంటుందో! ఇక్కడి అంగళ్లలో గుట్టలుగా పోసే కావెండిష్ పళ్లన్నీ ఒకే ముఖం, ఒకే రుచి.

ఫ్రాస్టింగ్ దగ్గర మాత్రం నేను వీళ్ల పక్షం కాదు. క్రీమ్ చీజ్, వెన్న, దాంట్లోకి రెండు పౌన్ల పొడి చక్కెర. అంటే తొమ్మిది వందల గ్రాములు. వీడియో కాల్‌లో చూసి అమ్మ అదిరిపోయింది. "ఏమే, కిలో చక్కెరా? కేకుకి పూస్తావుండావా, గోడకి సున్నం కొడతావుండావా?" చక్కెర సగం చేశాను. నిలబడక జారింది. చక్కెర తియ్యదనానికే కాదు, ఫ్రాస్టింగ్ బిగుసుకోవడానికీ కావాలి. కాబట్టి పూత పల్చన చేశాను.

అమ్మ ఊరికే చూసి వదిలే మనిషి కాదు. వారం తిరక్కముందే పేరేసంద్రలో కుక్కర్ పొయ్యెక్కింది. ఏలక్కి అరటిపళ్లు, తురిమి ఉడికించిన అనాస, చక్కెర బదులు బెల్లం, పీకన్ బదులు వేయించిన చెనక్కాయ పప్పులు. గిన్నె చిన్నది గనక ఒక్కో అరా విడివిడిగా వండింది. పైపూత లేదు. "పూసేది మాకొద్దు, లోపలిదే బాగుండాది" అంది. ఫొటోలో రెండు అరలు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి.

దాన్ని రుచి చూడ్డానికి వచ్చినవాళ్లలో బెంగళూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకామె ఉందట. "పల్లెటూళ్లో ఉన్నారు, అయినా కేకు ఎంత బాగా చేసినారు!" అందట. ఇక్కడ ఫోన్ పట్టుకుని నేను కుతకుతలాడిపోయాను. నువ్వేమన్నావు, ఊరుకున్నావా, ఏదో ఒకటి అనాల్సింది అని రేగిపోయాను.

"ఏమనేది? ఇంకో ముక్క పెట్టినా" అంది అమ్మ. "ఆ మాట ఇడువు. నువ్వొచ్చేటప్పుడు ఆ పెద్ద పళ్లేలు మూడు ఎత్తుకురా."

తొమ్మిదంగుళాల పళ్లెం నీ కుక్కర్లో పట్టదమ్మా అన్నాను.

"కుక్కర్ పెద్దది కొంటా" అంది.