పాటా? బాటా?

వినడం చెవి పని, మీట నొక్కడం వేలి పని. ఈ రెంటికీ నడుమ మనసులో జరిగే వ్యవహారానికి ఎంత కాలం పడుతుందో కొలవవచ్చునని మొదట పట్టుకొన్నవారిలో ఒకడు హాలెండు దేశపు కంటి వైద్యుడు. ఉట్రెక్టు నగరంలోని డాక్టరు డోండర్సు 1868లో తన పరీక్షలను ప్రకటించాడు. ఒకరు "కి" అంటే రెండవవారు వెంటనే "కి" అనాలి. వచ్చేది ఏమిటో ముందే తెలుసు గనుక అది సులభం. తరువాత క, కె, కి, కొ, కు లలో ఏదైనా రావచ్చు. విన్నదానినే తిరిగి అనాలి. ఇక్కడ కాస్త ఆలస్యమవుతుంది. మూడవదానిలో ఏది వచ్చినా ఊరుకొని, "కి" వస్తే మాత్రమే పలకాలి. ఒక కాలంలోనుంచి మరొకటి తీసివేస్తే పోల్చుకోవడానికి ఎంత పట్టిందో, ఎంచుకోవడానికి ఎంత పట్టిందో తేలుతుందని ఆయన లెక్క. వీధిబడిలో మన పెద్దలచేత క గుణింతం వల్లె వేయించిన పంతుళ్ళు ఈ సంగతి వింటే ఎంత ముచ్చట పడి ఉండేవారో!

మేము ఈ పనిలోకి దిగడానికి కారణం శాస్త్రం మీద మోజు కాదు. సంఘం ఉగాది సభలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచి, "ఈ పిల్లలకు తెలుగు పోయిందండీ" అంటారు. అందరమూ తల ఊపుతాము. పోయింది నోటినుంచా, చెవినుంచా అని మాత్రం ఎవరూ అడుగరు. మా మనుమరాలు మేము తెలుగులో అడిగినదానికి అరవంలో జవాబు చెబుతుంది. జవాబు సరిగ్గానే ఉంటుంది. అట్లాంటప్పుడు పోయినదేమిటి, ఉన్నదేమిటి? మాలో ఒకరు కంప్యూటరు ఉద్యోగంలో తల పండించుకొన్నవారు, రెండవవారు బడిలో పాఠాలు చెప్పినవారు. ఇద్దరమూ కలిసి చూద్దామనుకొన్నాము.

దీనికి జెఎస్‌సైక్ అనే సాధనం ఉన్నది. జాషువా డి లీవ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీనిని తయారు చేసి 2015లో దాని సంగతి ప్రకటించాడు. కాసు ఖర్చు లేదు. ఇందులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క పనిముట్టు సిద్ధంగా ఉంటుంది. మాకు కావలసినదాని పేరు "ఆడియో కీబోర్డ్ రెస్పాన్స్". ఏ శబ్దం వినిపించాలి, ఏ మీటలను ఒప్పుకోవాలి, మీట నొక్కగానే ప్రశ్న ముగియాలా, మాట పూర్తి కాకముందే నొక్కనివ్వవచ్చునా, గడువు ఎంత: ఇవి చెబితే చాలు. శబ్దం మొదలైన క్షణంనుంచి మీట పడేవరకు ఎన్ని మిల్లీసెకన్లయినదీ అదే రాసి పెడుతుంది. గడువు మేము పెట్టలేదు. పెద్దవాళ్ళను తొందరపెట్టడం మర్యాద కాదు గదా.

అసలు కష్టం ప్రోగ్రాములో లేదు, మాటలలో ఉన్నది. అరవ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ప, బ లకూ అంతే. కనుక తమిళనాట చదువుకొనే మన పిల్లలకు పాట–బాట, కంప–గంప పెట్టాము. ఒరియాలో హ్రస్వ ఎకారం, దీర్ఘ ఏకారం అని తేడా లేదు. బరంపురంలో ఉన్న మన స్నేహితుల పిల్లల కోసం నెల–నేల, మెడ–మేడ చేర్చాము. బెంగుళూరువాళ్ళకు ఈ రెండు బాధలూ లేవు, కన్నడంలో అన్నీ ఉన్నాయి, వాళ్ళ అదృష్టం. పిల్లలలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. అందుచేత తెర మీద మాటలు కాక బొమ్మలు పెట్టాము. నాలుగు జంటలు, ఎనిమిది మాటలు, ఒక్కొక్కటి ఐదుసార్లు. మొత్తం నలభై ప్రశ్నలు, పేకముక్కలు కలిపినట్లు కలిపి.

మొదట మాకు తోచిన జంట కుడి–గుడి. చక్కని జంట. కాని దానిని పక్కన పెట్టవలసి వచ్చింది. ఎందుకంటే, "కుడి" అని విని ఎడమ చేతితో నొక్కవలసి వస్తే మనిషి తడబడతాడు. 1967లో సైమన్, రూడెల్ అనే ఇద్దరు సరిగ్గా ఇటువంటి పరీక్షే చేశారు. కుడి, ఎడమ అనే మాటలను ఒకసారి కుడి చెవిలో, ఒకసారి ఎడమ చెవిలో వినిపించి మీట నొక్కమన్నారు. మాట ఒక పక్కను చెబుతూ రెండో చెవిలో పడితే జవాబు ఆలస్యమయింది, ఏ చెవిలో పడినదన్నది జవాబుకు అక్కరలేకపోయినా సరే. మన మాటలలోనే ఇంత చిక్కు దాగి ఉంటుంది! ఇదే కారణంగా, సగంమందికి గంప కుడి మీటకు, సగంమందికి ఎడమ మీటకు కేటాయించాము. మీటలు ఎఫ్, జె. ఆ రెంటి మీద చిన్న గీటు ఉబ్బెత్తుగా ఉంటుంది, చూడకుండానే వేళ్ళు వాటిని పట్టుకొంటాయి.

ఇక గొంతు. విజయవాడ రేడియో గొంతయితే స్వచ్ఛంగా ఉంటుందని కొందరు సలహా ఇచ్చారు. మేము ఒప్పుకోలేదు. ఇక్కడి పిల్లలు ఉయ్యాలలో విన్నది ఆ తెలుగు కాదు. మా పెద్దత్తయ్యను కూర్చోబెట్టాము. ఎనభై దాటిన మనిషి, తెలుగు చదవడం వ్రాయడం రాదు, మాట మాత్రం గుండ్రంగా ఉంటుంది. ఒక్కొక్క మాట మూడేసి సార్లు అనిపించి నడిమిది తీసుకొన్నాము. వరుసగా చెప్పేటప్పుడు చివరి మాటకు గొంతు దిగిపోతుంది, అది పరీక్షకు పనికిరాదు. "ఎన్నిసార్లనమంటావమ్మా గంప గంప అని? గంపలో ఏమన్నా ఉందా?" అని ఆవిడ విసుక్కొన్నది కూడా రికార్డులో ఉన్నది. అది మేము దాచుకొన్నాము.

శబ్దాన్ని ఎం.పి.త్రీగా మారిస్తే మొదట్లో కొంచెం నిశ్శబ్దం వచ్చి చేరుతుంది. గడియారం ఆ నిశ్శబ్దంనుంచే నడవడం మొదలు పెడుతుంది. అందుకని వేవ్ ఫైళ్ళుగానే ఉంచి, మాటకు ముందున్న ఖాళీని అన్నిటికీ సమానంగా కత్తిరించాము. ఇంకొక్క సంగతి. పాట–బాటలలో తేడా మొదటి అక్షరంలోనే తెలిసిపోతుంది. నెల–నేలలలో ఆ అచ్చు ఎంతసేపు సాగుతుందో వినేవరకు తెలియదు. కాబట్టి ఒక జంట కాలాన్ని మరొక జంట కాలంతో పోల్చి, ఇది కష్టం, అది సులభం అనకూడదు. 2018నుంచి క్రోమ్ మొదలైన బ్రౌజర్లు మనిషి తెరను ముట్టనిదే శబ్దం చేయవు. కనుక ముందుగా "మొదలు పెట్టండి" అనే బొత్తాం ఒకటి ఉండాలి. శబ్దాలన్నీ ముందే దిగుమతి అయి ఉండాలి. లేకపోతే ఇంటర్నెట్టు నత్తనడక పిల్లవాడి నెమ్మది అయి కూర్చుంటుంది.

ఎవరి ఇంట్లో వారు చేసుకొనే పరీక్ష గనుక ఎవరు దేనితో వింటున్నారో మనకు కనిపించదు. దీనికి 2017లో కెవిన్ వుడ్స్, జాష్ మెక్‌డెర్మట్ మొదలైనవారు ఒక ఉపాయం చెప్పారు. మూడు కూతలు వినిపించి, అన్నిటిలో మెల్లగా ఉన్నది ఏదని అడగడమే. ఒక కూతలో మాత్రం కుడి ఎడమల అలలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొన్నవారికి ఏమీ ఇబ్బంది ఉండదు. స్పీకరులో వింటే ఆ రెండూ గాలిలో కలిసి కొట్టుకొనిపోయి అదే మెల్లగా వినిపిస్తుంది, జవాబు తప్పుతుంది. మంత్రంలాంటి ఉపాయం! తీగలేని బ్లూటూత్ హెడ్‌ఫోను వద్దన్నాము. అది శబ్దాన్ని ఒక వంద, రెండు వందల మిల్లీసెకన్లు ఆలస్యం చేయగలదు. ఉత్త శబ్దం విని వేలు కదపడానికి మనిషికి పట్టేది సుమారు నూట యాభై. అంటే తూకానికి పెట్టిన సరుకుకంటే తక్కెడే బరువన్నమాట. ఏ యంత్రమైనా కొంత ఆలస్యం చేస్తుంది, నిజమే. అయితే ఒకే మనిషి, ఒకే యంత్రం, ఒకే కూర్చున్నపాటున చేసిన నలభై జవాబులలో ఆ ఆలస్యం అన్నిటికీ ఇంచుమించు ఒకటే. అందుకే ఒక ఇంటి పిల్లను మరొక ఇంటి పిల్లతో మేము పోల్చలేదు.

మాకు మనసు నొచ్చినది ఒకటున్నది. ఈ పరీక్షకు కీబోర్డు కావాలి. నిజమైన తెలుగు చెవులున్న పెద్దవాళ్ళ ఇండ్లలో ఫోను తప్ప మరేమీ లేదు. తెర మీద బొత్తాం నొక్కే పనిముట్టు కూడా జెఎస్‌సైక్‌లో ఉన్నది గాని, ఫోను రకాన్నిబట్టి స్పర్శ అందే ఆలస్యం మారుతుంది. చివరకు మనుమలచేత ల్యాప్‌టాపులు మోయించి పెద్దల దగ్గరకు పంపాము. ఆ పిల్లలు కూడా అక్కడే కూర్చుని చేశారు.

కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రకటించిన పని ఒకటి చదివినప్పటినుంచి మాకు భయంగానే ఉండేది. ఇంగ్లీషు ఇండ్లలో ఆరు, ఎనిమిది నెలల పసిబిడ్డలు హిందీలోని త, ట ల తేడా కనిపెడతారట. ఏడాది నిండేసరికి ఆ శక్తి చాలామట్టుకు తగ్గిపోతుందట. చెవికి కూడా ఒక వయసున్నది. మరి మన పిల్లలు ఆ వయసులో తెలుగు విన్నారా?

మా మనుమరాలు పాట, బాటల దగ్గర ఎక్కడా ఆగలేదు. అరవంలో జవాబు చెప్పే పిల్ల! బరంపురం కుర్రవాడు మెడ, మేడల దగ్గర ప్రతిసారీ ఆగాడు, ఆగినా తప్పలేదు. ఇద్దరిని చూసి జాతి సంగతి చెప్పడానికి మేము సాహసించము. గుడ్డిగా నొక్కినా నలభైలో ఇరవై తగులుతాయి. రెండింటిలో ఒకటి ఎంచుకోవడం వేరు, భాష రావడం వేరు. అయినా ఉగాది సభలో ఆ మాట మళ్ళీ వినిపిస్తే ఈసారి తల ఊపడానికి ముందు కొంచెం ఆలోచిస్తాము.

లెక్కలు తీస్తున్నప్పుడు మనుమరాలి వరుసలో ఒక అంకె విచిత్రంగా కనిపించింది. తక్కిన జవాబులన్నీ ఒక సెకను లోపల, అది మాత్రం పదిహేడు లక్షల చిల్లర మిల్లీసెకన్లు. దాదాపు అరగంట. విచారిస్తే తెలిసింది. "కంప" అని గొంతు వినిపించగానే పిల్ల ఆ ముళ్ళ బొమ్మను చూసి, ఇది దేనికి పనికివస్తుందని పక్కనున్న పెద్దత్తయ్యను అరవంలో అడిగిందట. కొట్టుకొని వచ్చిన కంపను చేనిచుట్టూ ఎట్లా పరిచేవారో, మేకలు ఎట్లా దూరేవో, ముల్లు దిగిన కాలితో తాను మూడు మైళ్ళు ఎట్లా నడిచి వచ్చిందో ఆవిడ తెలుగులో చెప్పిందట. ఒకరు ఒక భాషలో, ఒకరు మరొక భాషలో. తెర మీద రెండు బొమ్మలూ మీట కోసం కాచుకొని ఉన్నాయి. ఆ అంకెను మేము లెక్కలోనుంచి తీసివేశాము.