మోటారుబండికి కళాయి

ఇత్తడిగిన్నెకు కళాయి పోయినయెడల, చింతపండు పెట్టి ఎంత తోమినను కళాయి తిరిగి రాదని మన యిండ్లలో చిన్నపిల్లలు సైతము ఎఱుగుదురు. తోముటచే మెఱయునది ఇత్తడియే కాని తగరపు పూత కాదు. పూత కావలయునన్న కళాయివానిని పిలిచి, గిన్నెను కాచి, శుభ్రపఱచి, క్రొత్తపూత వేయించుకొనవలసినదే. కారుమీది పైపూత విషయమునను న్యాయ మిదియే. ఈ సంగతి తెలియనివారు పొరలు లేచిన బానెట్టుపై మెఱుగుమందులు రాచి రాచి సొమ్మును శ్రమను వ్యర్థము చేసికొనుచుందురు.

కారు సంగతి మగవారిది గదా, గృహిణుల పత్రికలో ఈ ప్రసంగమేల యని కొందఱు సోదరీమణులు శంకింపవచ్చును. కాని యింటి పద్దు వ్రాయువారము మనము. బండి కంతటికిని రంగు వేయుటకు 38,000 రూపాయ లగునని షెడ్డువారు చెప్పినప్పుడు, ఆ సొమ్ము ఏ ఖర్చును తగ్గించి తేవలయునో యోచింపవలసినవారమును మనమే. అందుచే ఈ విషయము మనకు తెలిసియుండుట మంచిది.

నేటి కార్ల రంగు ఒక్క పొర కాదు. ఉక్కు రేకుపై తుప్పు నాపు పూత యొకటి, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికంటె పైన వన్నె లేని స్వచ్ఛమైన పూత. ఈ కడపటి దానినే క్లియరుకోటు అందురు. అన్ని పొరలును కలిసి సాధారణముగా 100 మొదలు 150 మైక్రానుల మందముండును. అందు క్లియరుకోటు పాలు 40, 50 మైక్రానులు మాత్రమే. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. అనగా వెండ్రుకకంటె పలుచనైన పూతయే యెండకు వానకు ఎదురు నిలిచి లోని రంగును కాచుచున్నది! తొలికాలపు మోటారుబండ్లకు గుఱ్ఱపుబండ్లకువలె వార్నీషు కుంచెతో పూసెడివారు. అది పొర వెంట పొర ఆరుటకు వారములు పట్టెడిది. 1920 తరువాత త్వరగా ఆరు రంగులు వచ్చినవి. రంగు వేఱు, పైపూత వేఱు అను పద్ధతి 1980 తరువాత లోకమున సాధారణపు కార్లకు వ్యాపించినది.

ఈ పూతకు ప్రధానశత్రువు సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు. వానిని పీల్చుకొను ద్రవ్యములను పూతయందు కలిపియే యుంతురు. కాని యవి యేండ్లు గడచినకొలది ఖర్చయిపోవును. అంతట పూత పెళుసెక్కును. కిరణములు లోనికి చొచ్చి రంగుపొర పైభాగమును పిండివలె చేయును. పట్టు తప్పిన పైపూత, సున్నపుగోడపై పెచ్చువలె లేచిపోవును. ఎండ నిట్టనిలువుగా పడునది పైకప్పు మీదను బానెట్టు మీదను గనుక అవియే ముందుగా చెడును. తలుపులు చాలకాలము బాగుగనే యుండును.

మేమిరువురము తోడికోడండ్రము. మా బండి మూడూళ్ళ బండి. కాపురము జనగామలో, అత్తగారి పుట్టినిల్లు మానుకోటయని జనులు పిలుచు మహబూబాబాదులో, మాలో చిన్నదాని పెనిమిటికి ఉద్యోగము భూపాలపల్లిలో. ఈ మూడును 2016 అక్టోబరు 11వ తేదీన పాత వరంగల్లు జిల్లాను విభజించినప్పుడు జిల్లా కేంద్రములైనవి. జనగామలో మా వాకిట నీడ లేదు. మానుకోటలో వేపచెట్టు నీడ గలదు గాని, దానితోపాటు పక్షుల రెట్టయు గలదు. రెట్ట యెండలో ఆరినచో పూతను తినివేయును. భూపాలపల్లి బొగ్గుగనుల పట్టణము. దారిదుమ్ము దట్టముగా పడును. దుమ్ము పడుటకంటె, దానిని పొడిగుడ్డతో తుడుచుట యెక్కువ హాని. పొడిగుడ్డ క్రింది దుమ్మునకును గరుకు కాగితమునకును భేదము లేదు. 2025 మే 15 మొదలు 26 వఱకు కాళేశ్వరమున సరస్వతీ పుష్కరములు జరిగినవి. బంధువులను తీసికొని మేము రెండుసార్లు పోయివచ్చితిమి. ఆ దినములలో బండి ఆరుబయటనే నిలిచినది. అదివఱకే తెల్లబడియున్న పైకప్పు వానకాలము వచ్చునప్పటికి పెచ్చులు లేచినది. బానెట్టు ముందంచున రాయి తగిలిన చోట గోరంత తుప్పును కనబడినది.

ఇచ్చట రోగనిర్ణయము ముఖ్యము. చెడుటయందు మూడవస్థలు గలవు. మొదటిది మెఱుగు మాత్రమే తగ్గి, సన్నని గీతలు కానవచ్చుట. దీనికి రబ్బింగు కాంపౌండుతో మృదువుగా రుద్ది మైనము పూసిన చాలును. రెండవది మబ్బువలె తెల్లని మచ్చలు. నీళ్ళు చల్లినప్పుడు మాయమై, ఆరినంతనే మరల కనబడును. ఒక మూల అఱచేయంత మేర రుద్ది చూడవలయును. వారము దినములు నిలిచినచో మెఱుగు సరిపోవును, తిరిగి తెల్లబడినచో పూత పని ముగిసినట్లే. మూడవది పెచ్చు. గోటితో అంచును తడవినప్పుడు గోరు తగులుకొనును. దీనికి మెఱుగుమందు పనిచేయదు. మఱియొక మాట: కొన్ని పాతబండ్లకును, ఒకేవన్నె రంగుగల కొన్ని బండ్లకును ఈ పైపూత యే యుండదు. తెల్లగుడ్డపై కాంపౌండు వేసి రుద్దినప్పుడు గుడ్డకు బండిరంగు అంటినచో, అది పైపూత లేని రంగని తెలియవలయును. అట్టిదానికి రుద్దుటయే చాలవఱకు మందు.

మా బండి వెండివన్నెది. రోగము మూడవ యవస్థది. బండి యంతటికి రంగు అక్కఱలేదని తేలినది. చెడినవి బానెట్టు, పైకప్పు అను రెండు భాగములే. వానికి మాత్రము 11,000 రూపాయలని షెడ్డునందలి పెయింటరు చెప్పెను. ఆ నెలలోనే పిల్లదాని కళాశాల రుసుము కట్టవలసియున్నది. మేము సందేహించుట చూచి యతడు, “మీ వాకిట్లనే కొట్టిస్త అక్కా, షెడ్డు కిరాయి తప్పుతది, వెయ్యి తక్కువైతది” అనెను.

వెయ్యి రూపాయలు తక్కువగునన్న మాట ఏ గృహిణి చెవికైనను ఇంపుగనే యుండును. కాని యతడు వేయదలచినది రెండు ద్రవములు కలిపెడి పూత. అందొకటి గట్టిపఱచు ద్రవము. దానియందు ఐసోసయనేటు అను రసాయనపదార్థము లుండును. 1984 డిసెంబరున భోపాలులో వేలమందిని బలిగొన్నది మిథైల్ ఐసోసయనేటు. కారుపూతలోనిది అదియే కాదు, అంతటి ప్రాణాంతకమును కాదు గాని, ఆ వంశమునకు చెందినదే. పూతను తుంపరలుగా చిమ్మునప్పుడు అది యూపిరితో లోనికి పోయినచో ఉబ్బసము కలిగించును. ఒకసారి శరీరమునకు పడకపోయినచో, ఆపై స్వల్పముగా తగిలినను ఊపిరి పట్టివేయును. కారురంగు చిమ్ము పనివారికి ఉబ్బసము వచ్చుటకు ఇదియొక ప్రధానకారణమని పాశ్చాత్యదేశములలో బహుకాలముగా గుర్తించి, గొట్టముద్వారా మంచిగాలి నందించు ముసుగు లేక ఆ పని చేయరాదని నియమించుకొనిరి. మా యింట అత్తగారికి ఇదివఱకే ఉబ్బసము. వాకిలికి వంటయింటికి నడుమ పది యడుగుల దూరమైనను లేదు.

మేమీమాట చెప్పి, నీవు ముసుగేమి వేసికొందువని యడుగగా నతడు నవ్వి, మెడలోని చేతిరుమాలును చూపెను. “గుడ్డ కట్టుకుంటనే ఉంటం గదక్కా. మా ఉస్తాద్‌కే దగ్గు వట్టి పని ఇడిసిండు, ఏం జేస్తం” అనెను. అతనికి ఇరువదియైదేండ్లు మించవు. గుడ్డ దుమ్మును కొంత ఆపును గాని ఆవిరిని ఆపజాలదు. షెడ్డులో చేయించినచో అత్తగారు తప్పించుకొందురు. ఆ పిల్లవాడు తప్పించుకొనడు. మిగిలిన వెయ్యి రూపాయలను పద్దులో ఏ పేరున వ్రాసికొందుము?

కావున గట్టిపఱచు ద్రవము లేని పూతయే వేయించుటకు నిశ్చయించితిమి. ఇది డబ్బీలలో దొరకును. మీట నొక్కి చిమ్ముటయే. రెండు ద్రవముల పూతవలె ఇది యెండకు, పెట్రోలునకు, గీతలకు ఓర్వదు. అన్ని యేండ్లు నిలువదు. ఇది తెలిసియే యెంచుకొంటిమి. ఆ పెయింటరునే ఒక దినము కూలికి పిలిచితిమి. “ఇది రెండేండ్లు గూడ నిలువదక్కా” అనెను. “నిలువకుంటే మళ్ళ నీకే పని, తమ్ముడా” అంటిమి.

పని విధానమును క్రమముగా వ్రాయుచున్నాము. మొదటిది కాలము. మండుటెండలో చిమ్మినచో తుంపర రేకును చేరకముందే ఆరి గరుకగును; వానకాలపు చెమ్మలో పూత పాలవలె తెల్లబడును. మా ప్రాంతమున కార్తీకము మొదలు మాఘము వఱకు అనుకూలము. మంచు ఆరిన పిమ్మట ఉదయము తొమ్మిదిగంటలకు మొదలిడి, సాయంకాలపు చలికి ముందే ముగింపవలయును. గాలి ఆడునట్టి నీడపట్టు కావలయును. పొయ్యి, దీపము దరిదాపుల నుండరాదు.

రెండవది రుద్దుట. ఈ పని మేమే చేసితిమి. పొదుపంతయు నిందే యున్నది. బండిని కడిగి, మైనము జిడ్డు పోవునట్లు తుడుపుద్రావకముతో తుడిచితిమి. పెయింటర్లు వాటరుపేపరు అనెడి గరుకు కాగితమును నీటిలో తడిపి, ముందు 600 అంకె గలదానితో పెచ్చుల అంచులను, పిమ్మట 800 అంకె దానితో భాగమంతటిని రుద్దితిమి. కన్నులు మూసికొని చేతితో నిమిరినప్పుడు అంచు తగులరాదు, అంతవఱకు రుద్దవలసినదే. తుప్పుచుక్కను ఉక్కు తెల్లగా కనబడువఱకు గీకి, అచ్చట ప్రైమరు వేయవలయును. జనగామ ప్రక్కనున్న పెంబర్తిలో ఇత్తడిరేకు పనివారిని చూచినవారికి ఈ మర్మము తెలియును. కడపట వచ్చు మెఱుపు అంతయు ముందు చేసిన నునుపుమీదనే ఆధారపడియుండును.

మూడవది రంగు. వెండివన్నె మొదలగు లోహపు వన్నెలలో నొక చిక్కు గలదు. వాని రంగుపొరను రుద్ది, దానిపై నేరుగా స్వచ్ఛపు పూత వేసినచో గీతలన్నియు బయటపడును. కావున పలుచగా మరల రంగు వేసి, ఆ పిమ్మటనే పైపూత వేయవలయును. రంగు సంకేతము బండికి అంటించిన బిళ్ళపై నుండును. ఆ సంకేతము చెప్పి రంగు కలిపించుకొనవలయును. పూతను భాగము నడుమ నాపరాదు. నడుమ ఆపిన అంచే కొన్ని నెలలకు తిరిగి లేచును. బానెట్టునకైన బానెట్టు కొసల వఱకు వేయవలసినదే.

నాలుగవది చిమ్ముట. అద్దములకు, దీపములకు పాతపత్రికలు కప్పి టేపు వేసితిమి. డబ్బీని రెండు నిమిషములు బాగుగ కుదిపి, జానెడుకంటె కొంచెము ఎడముగా, చేయి ఆగకుండ, ఒక వరుస సగము మఱియొక వరుసపై పడునట్లు చిమ్మవలయును. మొదటి పూత మంచువలె పలుచగా నుండవలయును. ఒక్కసారే దట్టముగా వేసినచో దోసెపిండి జాఱినట్లు జాఱును. పూతకు పూతకు నడుమ పది, పదునైదు నిమిషముల విరామము. రంగు రెండు మూడు పూతలు, ఆరిన పిమ్మట పైపూత మూడు పూతలు. ఈ డబ్బీలలో ఐసోసయనేటు లేకున్నను థిన్నరు ఆవిరులు గలవు. అందుచే పెయింటరునకు బొగ్గుగుళికల ముసుగు కొనియిచ్చితిమి. పని ముగిసినపిమ్మట దాని నతనినే ఉంచుకొమ్మంటిమి. అత్తగారిని ఆ రెండు దినములు మానుకోటకు పంపితిమి.

ఖర్చు లివి: రంగు డబ్బీలు మూడు 1,500, పైపూత డబ్బీలు నాలుగు 1,800, ప్రైమరు 300, కాగితములు 200, టేపు 150, తుడుపుద్రావకము 250, ముసుగు 900, కూలి 1,200. మొత్తము 6,300 రూపాయలు. షెడ్డువారు చెప్పిన దానికంటె 4,700 తక్కువ. అది రుసుమునకు చేరినది. దగ్గఱకు పోయి చూచువారికి క్రొత్తరంగు పాతరంగుల సంధి తలుపులకడ కొంచెము తెలియును. మాకు చాలును.

ఇక కాపాడుకొనుట. వారము దినములు నీరు తగులనీయరాదు. రెట్ట పడినవెంటనే తడిగుడ్డతో తీయవలయును. దుమ్మును నీటితో కడిగినపిమ్మటనే తుడువవలయును. దుమ్ముతో నున్న బండిపై ముసుగుగుడ్డ కప్పరాదు. మూడునెలల కొకసారి మైనము పూయవలయును. అన్నిటికంటె చవుకైన మందు నీడ.

సోదరీమణులారా! మీ యూరిలో రంగుషెడ్డునకు బండి నిచ్చునప్పుడు ధర యడుగుటకు ముందు, చిమ్ము పిల్లవాడు ముఖమునకు ఏమి కట్టుకొనునో యడుగుడు. ముసుగునకై రెండువందలు ఎక్కువ చెప్పినను, ఆ రెండువందలలో బేరమాడవలదు.