కవిత్వం బీరువా

2024 నవంబరు 3, ఆదివారం

అమెరికా నుంచి మా ఊరి అబ్బాయి మెయిల్ పెట్టాడు. ఒకప్పుడు మా శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల దగ్గర కూచుని చందమామలు చదివినవాడే. వాళ్ల నాన్నగారి పేరు మీద ఇరవై వేలు పంపిస్తాడట. మొత్తం కవిత్వానికే ఖర్చు పెట్టాలి, అదీ ఈ కాలపు కవిత్వానికి. "సగం పెద్దవాళ్లకి, సగం పిల్లలకి తీసుకోండి మేడమ్. ఏవి కొనాలో మీరే చెప్పండి" అన్నాడు.

మనసు నిండిపోయింది. భక్తి పుస్తకాలకి డబ్బిచ్చినవాళ్లున్నారు, పోటీ పరీక్షల పుస్తకాలకి ఇచ్చినవాళ్లున్నారు. కవిత్వం కొనమని ఇచ్చినవాళ్లని నా ఉద్యోగంలో చూడలేదు.

సాయంత్రం కవిత్వం బీరువా తెరిచి ఒక్కో అరా చూశాను. పైన భాగవతం, శతకాలు. కింద 'మహాప్రస్థానం' నాలుగు కాపీలు, నాలుగూ అట్టలూడినవే. 'కృష్ణపక్షం' ఉంది, 'అమృతం కురిసిన రాత్రి' ఉంది. అది రాసిన తిలక్ పోయింది 1966లో. ఆ తర్వాతి కవిత్వం మా బీరువాలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రాసేవాళ్లు లేక కాదు. కవి సొంత డబ్బు పెట్టుకుని ఏ ఐదువందల కాపీలో వేయిస్తాడు. ఆవిష్కరణ సభలో కొన్ని పోతాయి, మిత్రులకి కొన్ని, సమీక్షకని పత్రికలకి రెండేసి. మిగతావి కట్ట విప్పకుండా అటకెక్కుతాయి. కవిత్వం కదలదని షాపువాళ్లు నాలుగైదు కాపీలకి మించి పెట్టుకోరు. షాపులో లేనిది మా జాబితాకెక్కదు, మా జాబితాకెక్కనిది ఈ ఊళ్లో ఎవరి కంటా పడదు.

నవంబరు 5, మంగళవారం

డీఎస్సీకి చదివే పిల్లలతో హాలు నిండిపోయింది. తెలుగు పండిట్ పోస్టుకి తయారవుతున్న అమ్మాయి ఒకతె నా బల్ల పక్కనే నిలబడి బిట్లు వల్లెవేస్తోంది. 'మోహనా! ఓ మోహనా!' శివారెడ్డి, 1990. 'స్వప్నలిపి' అజంతా, 1997. 'కాలాన్ని నిద్రపోనివ్వను' గోపి, 2000. అన్నీ సాహిత్య అకాడెమీ బహుమతులు, ఒక్క ఏడూ తప్పలేదు.

"వీటిలో ఏదైనా చదివావా అమ్మా?" అన్నాను.

"లేదు మేడమ్. పేరూ సంవత్సరమే కదా అడిగేది."

ఆ పిల్లని ఏమనడానికీ లేదు. పుస్తకం దొరికే చోటు మాదే, ఇక్కడే లేకపోతే ఎక్కడికి పోయి చదువుతుంది? రేపు ఉద్యోగం వచ్చి నలభైమంది పిల్లల ముందు నిలబడితే వాళ్లకీ కవిత్వాన్ని బిట్టుగానే అందిస్తుంది. అందుకని జాబితాలో మొదట ఈ మూడే రాశాను. ఆమె చేతికి మాత్రం గోపి పుస్తకమే ముందివ్వాలి. మాట తేట, దారి తిన్నన. తర్వాత శివారెడ్డి. ఆయన కవిత పొడుగ్గా, ఊపిరి తీసుకోనివ్వకుండా సాగుతుంది, పైకి చదివితేనే పట్టు దొరుకుతుంది. 2018 సరస్వతీ సమ్మాన్ తెచ్చిన 'పక్కకు ఒత్తిగిలితే' కూడా రాసుకున్నాను. అజంతా ఆఖర్న. బతికినంత కాలంలో ఆయన వేసిన ఒక్క సంపుటి అది. చీకటిగా, కలవరంగా ఉంటుంది. ముందే చేతికిస్తే కవిత్వమంతా ఇంత కష్టమేమోనని భయపడతారు.

నవంబరు 8, శుక్రవారం

సెలవు. పొద్దుటి నుంచీ జాబితాతోనే కూచున్నాను.

కొత్తగా కవిత్వంలోకి వచ్చేవాళ్లకి ఒకే కవి పుస్తకం కన్నా సంకలనం మేలు. పదిమంది గొంతులు వినబడతాయి, తనకి నచ్చే గొంతు ఏదో తేల్చుకుంటారు. మూడింటిని వదలకూడదు. ఓల్గా సంపాదకత్వంలో స్త్రీల కవిత్వం 'నీలిమేఘాలు', 1993. త్రిపురనేని శ్రీనివాస్, జి. లక్ష్మీనరసయ్య తెచ్చిన దళిత కవిత్వం 'చిక్కనవుతున్న పాట', 1995. స్కైబాబ తెచ్చిన ముస్లిం కవుల 'జల్జలా', 1998. ఐదారేళ్లలో తెలుగు కవిత్వంలో మాట్లాడేవాళ్లు మారిపోయారు. అంతకుముందు వాళ్ల గురించి ఎవరో జాలిపడి రాసేవారు, లేకపోతే అసలు రాసేవారు కాదు. ఇక్కడ వాళ్లే రాశారు, కోపంగా, తమ ఇంటి మాటలోనే రాశారు.

విమల 'వంటిల్లు' కవిత చదివిన రోజున మా అమ్మ కళ్లముందు కనబడింది. అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలిన పులుసులో అన్నం కలుపుకుని, పొయ్యిగట్టుకి ఆనుకుని నిలబడే తినేది. కూచుని తినడం నేను చూసినట్టే గుర్తులేదు. అది రోజూ చూస్తూనే పెరిగాను, చూశానని మాత్రం ఆ కవిత చదివాకే తెలిసింది. ఇలాంటి పని చేసే పుస్తకం మా ఊరి ఆడవాళ్ల చేతుల్లో ఉండాలి. వీక్లీల్లో సీరియళ్లు చదివి వెళ్లిపోయే నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లకి 'నీలిమేఘాలు' నేనే అందిస్తాను, ఏ పేజీ తెరవాలో కూడా చెబుతాను.

విడి సంపుటాల్లో శిఖామణి 'మువ్వల చేతికర్ర' (1987), చల్లపల్లి స్వరూపరాణి 'మంకెన పువ్వు', షాజహానా 'నఖాబ్'. అలిశెట్టి ప్రభాకర్‌వి ఏవి దొరికితే అవి. జగిత్యాలవాడు, బొమ్మలేసేవాడు, ఫొటోలు తీసేవాడు. హైదరాబాదు వచ్చి పత్రికలో 'సిటీ లైఫ్' పేరుతో రోజువారీ చిన్న కవితలు రాశాడు. క్షయతో 1993 జనవరి 12న పోయాడు, పుట్టినరోజూ అదే. కొద్ది పంక్తుల్లోనే ముగుస్తాయి ఆయన కవితలు చాలావరకు, నిప్పు తగిలినట్టుంటాయి. "టైము లేదండీ" అనేవాళ్లందరికీ అలిశెట్టి.

అకాడెమీ 2011 నుంచి యువ పురస్కారాలిస్తోంది. ఆ దారిలో నాకు తెలిసిన కవిత్వం పుస్తకాలు మెర్సీ మార్గరెట్ 'మాటల మడుగు', బాలసుధాకర్ మౌళి 'ఆకు కదలని చోట', తగుళ్ల గోపాల్ 'దండకడియం', పల్లిపట్టు నాగరాజు 'యాలై పూడ్సింది'. నాగరాజుది చిత్తూరు మాట. మా గోదావరివాళ్లకి మొదటి నాలుగు పేజీలు కాస్త తడుముకోవాల్సి వస్తుంది, వస్తే రానీ. మాండలికం రాసినవాడి హక్కు, దాన్ని అర్థం చేసుకునే ఓపిక చదివేవాడికి ఉండాలి. ఈ ఏడాది యువ పురస్కారం వచ్చిన రమేష్ కార్తీక్ నాయక్‌ది కథల పుస్తకం. కానీ అతని మొదటి పుస్తకం 'బల్దేర్ బండి' కవిత్వమే, తండా జీవితం. అదీ కావాలి.

నవంబరు 11, సోమవారం

పెద్దల జాబితా పేజీన్నర దాటింది. పిల్లల జాబితా దగ్గర కలం కదలడం లేదు.

కథలకి కొదవ లేదు. 'మంచి పుస్తకం' ప్రచురణవాళ్లవి రంగురంగుల బొమ్మల పుస్తకాలు మా దగ్గర బోలెడు, పిల్లలు చించి మరీ చదువుతారు. కవిత్వం దగ్గరికొచ్చేసరికి చాలా పుస్తకాల్లో నీతే. చెట్టు పెంచమని ఒక గేయం, పెద్దల మాట వినమని ఇంకోటి, స్వచ్ఛత మీద మరోటి. ప్రాస కోసం మాటని మెలితిప్పి, చివరి పాదంలో బుద్ధి చెబుతారు. పిల్లలకి అలాంటివి బడి గోడల మీద కావలసినన్ని ఉన్నాయి.

అకాడెమీ బాలసాహిత్య పురస్కారం 2010 నుంచి ఉంది. కవిత్వానికి వచ్చినవి తక్కువే, నాకు తెలిసినవి రెండు. అలపర్తి వెంకట సుబ్బారావు 'స్వర్ణ పుష్పాలు' 2016లో, పత్తిపాక మోహన్ 'బాలల తాత బాపూజీ' 2022లో. రెండూ రాసుకున్నాను. పాతదే అయినా నండూరి రామమోహనరావు 'హరివిల్లు' గేయాలు దొరికితే వదలను. మాటకి నడకుంది, ఆట ఉంది. రేడియో అన్నయ్య, అక్కయ్య 'బాల' పత్రిక పెట్టిన 1945 నాటి నుంచీ ఆ ధార మనకుండేది. వెలగా వెంకటప్పయ్యగారు తానూ గ్రంథపాలకుడే కాబట్టి ఆ బాలసాహిత్యాన్నంతా వెతికి నమోదు చేసే పనికి పూనుకున్నారు. ఆ తర్వాత పిల్లలు తగ్గలేదు, కవులూ తగ్గలేదు. పిల్లల కోసం కవిత రాయడం చిన్నపని అనుకోవడం మాత్రం పెరిగింది. నాకు దీని మీద నిజంగానే బాధ ఉంది.

పదివేలు ఎలా ఖర్చు పెట్టను?

నవంబరు 14, గురువారం

గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యాయి. నెహ్రూ పటానికీ అయ్యంకి వెంకటరమణయ్యగారి పటానికీ దండలు, ప్రసంగాలు, వ్యాసరచన. మధ్యాహ్నం మునిసిపల్ స్కూలు నుంచి వచ్చిన ఆరూ ఏడూ ఎనిమిదీ తరగతుల పిల్లలు గంటసేపు నాకు మిగిలారు.

ఇంటి నుంచి నా ఇస్మాయిల్ పుస్తకం తెచ్చుకున్నాను, 'చెట్టు నా ఆదర్శం'. కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఫిలాసఫీ చెప్పినాయన, నినాదం చేయని కవి. ఎవరూ ఆ పుస్తకాన్ని పిల్లలదనరు. చిన్న కవితలు మూడు ఎంచి పెట్టుకున్నాను. ఒక్కోటీ రెండేసిసార్లు చదివాను, మెల్లగా, ఏమీ వివరించకుండా. అర్థమైందా అని అడగలేదు. ఆ ప్రశ్న అడిగితే పరీక్ష మొదలైందని బిగుసుకుపోతారు.

మొదటిది అవగానే వెనక బెంచీ కుర్రాడు, "అయిపోయిందా మేడమ్? అంతేనా?" అన్నాడు. అంతేరా అన్నాను. కాసేపాగి, "ఇంకోసారి చదవండి" అన్నాడు. మూడోదానికి ఎవరూ అడక్కుండానే నిశ్శబ్దంగా కూచున్నారు.

తర్వాత నానీలు. గోపిగారు 1997లో మొదలుపెట్టిన రూపం. నాలుగు పాదాలు, ఇరవైకి తగ్గకుండా, ఇరవై అయిదుకి మించకుండా అక్షరాలు. లెక్క ఉందనేసరికి పిల్లలకి హుషారొచ్చింది, అదో ఆటైపోయింది. కొన్ని చదివి వినిపించి, మీరూ రాయండన్నాను. ఏడో తరగతి అమ్మాయి వాళ్ల నాన్న ఆటో గురించి రాసింది. రాత్రి సందు మలుపు తిరగ్గానే ఆ ఆటో లైటు గోడ మీద పడితే ఇంట్లో అన్నం వడ్డించడం మొదలవుతుందట. వేళ్ల మీద లెక్కపెడితే ఇరవై ఏడు అక్షరాలొచ్చాయి. రెండు తగ్గాలి. పక్కపిల్ల "నాన్న తీసెయ్" అంది. "నాన్న తీసేస్తే ఇంకేముంది?" అని కస్సుమంది. చాలాసేపు కాగితం వైపే చూసి, 'లైటు' ముందున్న 'అందమైన' కొట్టేసింది. ఇరవై మూడు. "ఇప్పుడే బాగుంది మేడమ్" అని తనే చెప్పింది.

పెద్ద కవులకి సంపాదకులు చెప్పినా చెవికెక్కని సంగతి అది. ఆ పిల్ల పదినిమిషాల్లో పట్టేసింది.

నవంబరు 16, శనివారం

రిటైరైన లెక్కల మాస్టారు రోజూ పేపర్లకొస్తారు. జాబితా చూసి, "ఇవన్నీ వచన కవితలేనా అమ్మా? వాక్యాన్ని విరిచి కిందకి పేర్చడమే కదా. ఛందస్సు లేనిది నాకెక్కదు" అన్నారు. కరుణశ్రీ పద్యాలు ఆయనకి నోటికొచ్చు.

వాదించలేదు. విన్నకోట రవిశంకర్ 'కుండీలో మర్రిచెట్టు' నా దగ్గరుంటే ఇచ్చాను. 1993లో వచ్చింది. ఆయనా అమెరికాలోనే ఉంటారు. గొంతు పెంచరు, ఇంట్లో మాట్లాడుకున్నట్టు రాస్తారు. పద్యం ఇష్టపడేవాళ్లకి కొత్త కవిత్వం రుచి చూపించాలంటే బిగ్గరగా ఉండేవి ఇవ్వకూడదని నా అనుభవం. ఇంకో మార్గం గోరటి వెంకన్న 'వల్లంకి తాళం'. 2021 అకాడెమీ బహుమతి. లయ కావాలనేవాళ్లకి అందులో కావలసినంత లయ. చదవడానికి కూచున్నవాళ్లు పాడుకుంటూ లేస్తారు. పిల్లలకీ పనికొస్తుంది, పాటకి వయసేమిటి?

నవంబరు 21, గురువారం

అమెరికా అబ్బాయికి జవాబు రాశాను. సగం సగం అన్న లెక్క పక్కన పెట్టమని అడిగాను. పిల్లల కోసమని ప్రత్యేకంగా వచ్చినవాటిలో బాగున్నవి తీసుకుందాం, అవి రెండు మూడు వేలు దాటవు. మిగతా డబ్బుతో పెద్దల పుస్తకాల్లోనే పిల్లలకి పట్టేవి రెండేసి కాపీలు కొందాం: ఇస్మాయిల్, నానీలు, వల్లంకి తాళం, అలిశెట్టిలో కొన్ని. నెలకో సాయంత్రం పిల్లలకి నేను చదివి వినిపిస్తాను. పెద్దవాళ్లు వెనక కూచుంటామంటే కుర్చీలు వేస్తాను. ఏ పుస్తకంలో ఏ కవిత పిల్లలకి చదవొచ్చో పేజీ నంబర్లతో ఒక కాగితం రాసి అట్ట లోపల అంటిస్తాను, నా తర్వాత వచ్చేవాళ్లకి వెతుకులాట తప్పుతుంది.

గంటలో జవాబొచ్చింది. సరేనన్నాడు. 'నీలిమేఘాలు' వాళ్లమ్మగారికి కూడా ఒకటి కొని ఇవ్వమన్నాడు, డబ్బు విడిగా పంపుతాడట. ఆవిడ ఈ ఊళ్లోనే, రెండు వీధుల అవతల ఉంటారు.

కాచిగూడ నవోదయకి రేపు ఫోన్ చెయ్యాలి. సంకలనాల్లో ఏవి స్టాకులో ఉన్నాయో ముందు కనుక్కోవాలి. లేనివాటికి డిసెంబర్లో హైదరాబాదు బుక్ ఫెయిర్‌కి వెళ్లే మన లెక్చరర్ల చేతికి చీటీ ఇవ్వాలి. అక్కడా దొరక్కపోతే కవులకే రాస్తాను, అటక మీది కట్టలు విప్పమని.