మంచు కాలపు మీట

రండి, ఈ చలిమంట దగ్గరకు జరిగి కూర్చోండి. డిసెంబరు తెల్లవారుజామున మా నారపల్లిలో నాలుగు ఎండుపుల్లలు వెలిగిస్తే గాని వేళ్లు స్వాధీనంలోకి రావు. ఎదురుగా కనిపించేది వరంగల్ రోడ్డు, 163 నంబరు జాతీయ రహదారి. పగలు చూస్తే బస్సులు, లారీలు, కాలేజీ బళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి. ఇప్పుడు చూడండి, భాగ్యనగర నందనవనం చెట్లు సగం దాకా మంచులో మునిగిపోయాయి. ఆ తెల్లదనంలోంచి ఒక కారు వస్తోంది. ముందు దాని దీపాలు కనిపించాయి, తర్వాతే కారు. బంపరు కింద రెండు చిన్న దీపాలు నేలను తడుముతూ వస్తున్నాయి, గమనించారా? వాటి మీట గురించే ఈ పూట కబుర్లు.

మన మంచు ఢిల్లీ మంచులా వారాల తరబడి కూర్చోదు. ఏడాదిలో కొన్ని పొద్దులు వస్తుంది, ఎండ ఎక్కగానే పోతుంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి ఆడకపోతే నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. చల్లబడ్డ నేలను ఆనుకున్న తడిగాలి సన్నటి నీటి బిందువులుగా మారుతుంది. మూసీ, ఏదులాబాద్ చెరువు, బీబీనగర్ చెరువు ఉన్న దారి కాబట్టి తడికి కొదవ లేదు. కిలోమీటరు లోపలి వస్తువు కనిపించకపోతే దాన్ని పొగమంచు అంటారు. చూపు 50 మీటర్లకు పడిపోతే అది మరీ దట్టమైన మంచు. 60 వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అంటే 50 మీటర్ల చూపు మనకు మూడు సెకన్లు. అడ్డం వచ్చినదాన్ని చూడటం, బ్రేకు తొక్కడం, బండి ఆగడం అన్నీ ఆ 50 మీటర్లలోనే జరగాలి. అందుకే మంచులో మొదటి మందు వేగం తగ్గించడం. దీపం దాని తర్వాతే.

రెండేళ్ల కిందట సంక్రాంతి ముందు మా ఇంట్లోవాళ్లతో జనగామ వైపు బయల్దేరాను. నాలుగున్నర దాటింది. ఘట్‌కేసర్ దాటేసరికి మంచు ముసురుకుంది. హెడ్‌లైటు హైబీమ్‌లో పెడితే ఎదుట తెల్లగోడ కట్టినట్టయింది. ఫాగ్‌లైటు మీట నొక్కాను. వెలగలేదు. మళ్లీ నొక్కాను. డాష్‌బోర్డు లోంచి కమిలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు. గుండె గుబేలుమంది. డిప్పర్‌లో మెల్లగా నడిపి, బీబీనగర్ దగ్గర టీ హోటల్ ముందు బండి ఆపి, సూర్యుడు కనిపించేదాకా కదల్లేదు.

మర్నాడు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లుగా వైరింగ్ పనిలోనే ఉన్న మనిషి. స్విచ్ ఊడదీసి అరచేతిలో పెట్టి చూపించాడు. వెనక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి, మైనంలా కరిగి ఉంది.

"స్విచ్ పాడైందా అన్నా?" అన్నాను.

"పాడు కాలే సార్, పాడు చేసిండ్రు. లైట్లు బయట ఫిట్ చేయించుకున్నరు కదా? రిలే పెట్టలే. కరెంటంత దీని లోపల్నుంచే పోయింది. గింత పిల్లగాని నెత్తిన బియ్యం బస్తా పెడితే ఏమైతది?"

నిజమే. మా కారుకు కంపెనీ నుంచి ఫాగ్‌లైట్లు రాలేదు. తర్వాత పెట్టించుకున్నవే. ఆయన లెక్క చెప్పాడు. ఒక్కో బల్బు 55 వాట్లు, రెండూ కలిపి 110. బ్యాటరీ 12 వోల్టులు. భాగిస్తే తొమ్మిది ఆంపియర్లు దాటుతుంది. వేలెడంత లేని మీట లోపలి రాగిరేకు మీద అంత కరెంటు రోజూ పోతే అది వేడెక్కుతుంది, నొక్కినప్పుడల్లా లోపల చిన్న మెరుపు పుడుతుంది, పాయింట్లు నల్లబడతాయి. నల్లబడ్డ పాయింటు ఇంకా వేడెక్కుతుంది. చివరికి కరుగుతుంది.

రిలే పెడితే కథ మారిపోతుంది. "స్విచ్ పిలుస్తది, రిలే మోస్తది" అన్నాడాయన. ఇంతకంటే తేలిగ్గా చెప్పిన పుస్తకం నేను చూడలేదు. మీట నుంచి రిలే చుట్టకు వెళ్లే కరెంటు ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు. ఆ చుట్ట అయస్కాంతమై లోపలి రేకును లాగుతుంది, బ్యాటరీ నుంచి వచ్చే పెద్ద కరెంటు నేరుగా దీపాలకు పోతుంది. రిలే అడుగున అంకెలు ఉంటాయి, చూడండి. 30 దగ్గరికి ఫ్యూజు మీదుగా బ్యాటరీ వైరు, 87 నుంచి దీపాలకు, 85, 86లలో ఒకటి మీటకు, ఒకటి ఎర్త్‌కు. 15 ఆంపియర్ల ఫ్యూజు చాలు. మీటకు వచ్చే వైరును పార్కింగ్ లైటు నుంచి తీసుకోమని మీ ఎలక్ట్రీషియన్‌కు నా మాటగా చెప్పండి. అప్పుడు పార్కింగ్ లైటు ఆర్పగానే ఫాగ్‌లైటూ ఆరుతుంది, మరిచిపోయి బ్యాటరీ ఖాళీ చేసుకునే బాధ ఉండదు.

ఇక మీ కారు సంగతి. వెలగకపోతే అందరూ ముందు మీటనే అనుమానిస్తారు. నిందితుల వరుసలో దాన్ని చివర నిలబెట్టండి. మొదట బల్బు తీసి తీగ తెగిందేమో చూడండి. తర్వాత ఫ్యూజు. ఆ తర్వాత బానెట్ కింద చెవిపెట్టి, ఇంకొకరిని మీట నొక్కమనండి. రిలే 'టిక్' మంటే మీట బతికే ఉంది, లోపం అవతల ఉంది. 'టిక్' అనకపోతే, పక్కనే ఉన్న హారన్ రిలే నంబరు ఒకటే అయితే దాన్ని ఇక్కడ మార్చి చూడండి. అప్పుడు 'టిక్' మంటే పాతది పోయిందన్న మాట. ఫాగ్‌లైట్లు చక్రాల దగ్గర, నీళ్లు చిమ్మేచోట ఉంటాయి కాబట్టి ఎర్త్ వైరు బోల్టు తుప్పు పట్టడం చాలా మామూలు. దాన్ని గీకి బిగిస్తే సగం జబ్బులు కుదురుతాయి.

అన్నీ బాగుండి కూడా వెలగకపోతే మీట దగ్గరికి వెళ్లండి. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసెయ్యండి. మీట డాష్‌బోర్డులో బటనైతే మెత్తటి ప్లాస్టిక్ పట్టీతో అంచు లేపి, కప్లర్ ఊడదీసి, మీటర్ పెట్టండి. నొక్కినప్పుడు ఓములు సున్నా దగ్గర ఉండాలి. పదుల్లో చూపిస్తే లోపల మసి, చిలుము చేరాయి. కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు కొట్టి ఇరవైసార్లు నొక్కి వదలండి, ఆరాక బిగించండి. ఉప్పుకాగితంతో రుద్దకండి, పాయింట్ల పైపూత లేచిపోతుంది. పెట్రోలు జోలికి అసలు పోవద్దు. మీట స్టీరింగ్ పక్క కాడలో ఉంటే మాత్రం మేస్త్రీకే వదిలెయ్యండి, అక్కడ ఎయిర్‌బ్యాగు ఉంది. కొత్త కార్లలో మీట కంప్యూటరుకు కబురు పంపుతుందంతే. అలాంటి వైర్లకు అదనపు దీపాలు తగిలించడం ప్రమాదం.

మా వైపు మీటలకు ఇంకో శత్రువు దుమ్ము. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్లకు పైగా ఫ్లైఓవర్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. ఆ పనుల మధ్య తిరిగిన ప్రతి బండిలోనూ సన్నటి మట్టి చేరింది. అందుకే నెలకోసారి డాష్‌బోర్డు తుడిచేటప్పుడు ఆ మీట కూడా తుడిచి, పదిసార్లు నొక్కండి. ఎండాకాలంలోనూ నొక్కండి. పాయింట్లు ఒకదాన్నొకటి రుద్దుకుంటేనే చిలుము పట్టదు. వాడని బావి పూడిపోయినట్టే వాడని మీట మొరాయిస్తుంది, అదీ సరిగ్గా అవసరమైన తెల్లవారుజామునే.

పసుపు దీపమైతే మంచును చీల్చుకుపోతుందని చాలామంది నమ్ముతారు. ఫ్రాన్సులో 1993 దాకా కార్ల హెడ్‌లైట్లు పసుపువే. కాని మంచుబిందువు కాంతి తరంగం కంటే ఎన్నో రెట్లు పెద్దది, అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడుతుంది. ఫాగ్‌లైటు బలం రంగులో లేదు, అది ఉన్న చోటులో ఉంది. కిందనుంచి, వెడల్పుగా, పైకి ఎగరకుండా కోసినట్టు పడే వెలుగు మన కంటికి తిరిగి కొట్టకుండా రోడ్డు అంచు తెల్లగీతను చూపిస్తుంది. మంచులో ఆ గీతే మన చేయి పట్టుకుని నడిపించేది.

ఒక్క మాట మనసులో పెట్టుకోండి. వెలిగించడం ఎంత ముఖ్యమో, మంచు విడగానే ఆర్పడం అంతే ముఖ్యం. వెనక ఎర్ర ఫాగ్‌లైటు ఉన్న బళ్లైతే మరీను. మంచు లేని రాత్రి అది వెనకవాడి కళ్లలో పొడుస్తుంది, బ్రేకు లైటు పడిందో లేదో తెలియనివ్వదు. ఆ వెనకవాడు స్కూటీ మీద పాలు పట్టుకెళ్లే మన వీధి మనిషే కావచ్చు.

మంట తగ్గింది, తూర్పున ఎరుపు పడుతోంది. ఇంటికి వెళ్లగానే మీ కారు దగ్గర ఆగి ఒకసారి ఆ మీట నొక్కండి. 'టిక్' వినిపిస్తే సాయంత్రం చాయ్‌కి రండి. వినిపించకపోయినా రండి, ఫ్యూజు డబ్బా మూత తీసి ఇద్దరం కలిసి చూద్దాం.