మేరీచ్ గల్తీ

మా నల్లగొండ పల్లెల్లో పిల్లల పండ్లకు గార కనిపిస్తే ముందు తల్లినే అనేవాళ్లు, "ఇన్నాళ్లూ ఏం జూసినవే?" అని. మా ఇండ్లల్లో అదే మాట ఉర్దూలో. దవాఖానకు పోతే ఇంకోటి: "మీవాళ్లు పండ్లు తోమరు గదా!" మా అమ్మీలు నజర్ తీశారు, తావీజులు కట్టారు, జాన్‌పహాడ్ సైదులు దర్గాలో మొక్కారు. పక్కన నిలబడి మొక్కింది ఎవరనుకున్నారు? అదే బోరింగు నీళ్లు తాగే గొల్ల తల్లులు, మాదిగ తల్లులు. వాళ్లనూ మీవాళ్లు తోమరనే అన్నారా?

అసలు చూడటానికి ఏముందని? ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. పాలపండ్ల మీద చాలావరకు తెలియదు. ఆరేడేళ్లకు కొత్త పండ్లు మొలిచాకే మచ్చ బయటపడుతుంది. ఆ పన్ను చిగురు లోపల తయారైంది మాత్రం పసితనంలోనే. తల్లి ఏ కంటితో చూడాలి?

చూడగలిగినవాళ్లు చూశారు. మా పిల్లల మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా వంగుతున్నాయని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్కా ఉంది. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి మా ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. గొప్పే!

2016లో మిషన్ భగీరథ మొదలై నల్లాల్లో కృష్ణ నీళ్లొచ్చాయి. వంగిన ఎముక మాత్రం తిరిగి సాపు కాదు. పెద్దయిన కొడుకు కాళ్లు పిసుకుతూ మా అమ్మీలు ఇప్పటికీ "మేరీచ్ గల్తీ" అంటారు. 1973 సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు.